‘లెట్’ అంటే అడ్డుకోవడమా? ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలికి సమాధానం

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. మా విద్యార్థులలో ఎక్కువమంది ఇంటర్మీడియెట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు. ‘హామ్లెట్’ మొదటి అంకంలో తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న రాకుమారుడు తనను పట్టుకున్న మిత్రులతో ‘బై హెవెన్, ఐల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ’ అంటాడు. ఒక విద్యార్థి దీనికి ‘నన్ను వెళ్లనిచ్చినవాణ్ని చంపి దయ్యాన్ని చేస్తాను’ అని అర్థం రాశాడు. తప్పని చెప్పాను. ‘లెట్ అంటే అనుమతించడమే కదా మేడమ్’ అంటూ అతడు నిఘంటువు తెరిచి చూపించాడు. అక్కడ ‘అడ్డుకోవడం’ అనే అర్థమే పొసగుతుందని నాకు తెలుసు గాని, ఎందుకు పొసగుతుందో వివరించలేకపోయాను. ఇలాంటి మాటలను ముందుగా పసిగట్టడం ఎలా? ఏ నిఘంటువులు చూడాలి? మా సహోద్యోగి ఒకరు మాటకు మొదట ఉన్న అర్థమే అసలైన అర్థమని, ‘నైస్’ను ‘బాగుంది’ అనే అర్థంలో వాడడమే తప్పని వాదిస్తారు. అది సమంజసమేనా?

సమాధానం: నమస్కారం. మీ విద్యార్థి చూపించిన నిఘంటువులోనూ తప్పు లేదు, మీరు చెప్పిన అర్థంలోనూ తప్పు లేదు. ఇప్పుడు ఒకే మాటగా కనిపిస్తున్న ‘లెట్’ నిజానికి రెండు మాటలు. నార్మన్లు ఇంగ్లండును జయించడానికి ముందు అక్కడి భాషలో ‘ల్యాటన్’ అనే క్రియకు విడిచిపెట్టడం, అనుమతించడం అని అర్థం ఉండేది. ‘లెట్టన్’ అనే మరొక క్రియకు ఆలస్యం చేయడం, అడ్డుకోవడం అని అర్థం. మనం రోజూ అనే ‘లేటు’ ఈ రెండవ క్రియకు దగ్గరి చుట్టం. శతాబ్దాలు గడిచేకొద్దీ ఉచ్చారణ మారి, చివరి అక్షరాలు రాలిపోయి, రెండూ ఒకే రూపానికి వచ్చాయి. పరస్పర విరుద్ధమైన రెండు పనులకు ఒకే మాట ఉంటే వినేవారికి చిక్కు తప్పదు గనుక, కాలక్రమంలో అడ్డుకోవడమనే అర్థం వెనుకబడిపోయింది. అయితే హామ్లెట్ తొలిసారి అచ్చయిన 1603 నాటికి ఆ అర్థం ఇంకా సజీవంగానే ఉంది.

చరిత్ర తెలియకపోయినా ఆ పంక్తిలోనే రుజువు దొరుకుతుంది. తరగతిలో చూపించవలసింది ముందుగా దానినే. హామ్లెట్ ఆ మాట అనడానికి సరిగ్గా ముందు ‘అన్‌హ్యాండ్ మీ, జెంటిల్మెన్’ అంటాడు, అంటే నా మీద చేతులు తీయండి అని. పట్టుకున్నవారిని విడిపించుకుంటున్న మనిషి, వదిలిపెట్టినవాణ్ని చంపుతానని బెదిరించడు. ఇక వ్యాకరణం చూడండి. అనుమతించడమనే అర్థంలో ‘లెట్’ వచ్చినప్పుడు దాని వెనుక సాధారణంగా మరొక క్రియ ఉంటుంది: నన్ను వెళ్లనివ్వు, నన్ను చూడనివ్వు అన్నట్లు. ఇక్కడ ‘మీ’ తరువాత ఏ క్రియా లేదు, వాక్యం అక్కడితో ఆగిపోయింది. మూడవ సాక్ష్యం నాటకం బయటిది. 1611లో వెలువడిన జేమ్స్ రాజు నాటి బైబిలు అనువాదంలో, రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో, పౌలు తాను చాలాసార్లు వారి దగ్గరకు రావాలనుకున్నానని చెప్పి ‘బట్ వాజ్ లెట్ హిదర్టూ’ అంటాడు. తెలుగు బైబిలు అదే చోట ‘ఆటంకపరచబడితిని’ అంటుంది. రెండు గ్రంథాలకూ మధ్య ఉన్న దూరం పదేళ్లలోపే.

మీ విద్యార్థి దగ్గర పాస్‌పోర్టు ఉంటే నాలుగవ సాక్ష్యం అతని జేబులోనే ఉంది. భారత రాష్ట్రపతి పేరిట అందులో ముద్రించిన అభ్యర్థనలో, ఈ పత్రం గలవారిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ స్వేచ్ఛగా సాగనివ్వాలని ఉంటుంది. ఇక్కడ ‘లెట్’ అంటే ఆటంకమే. పక్కనున్న ‘హిండ్రెన్స్’ దానికి అర్థం చెబుతూ నిలబడింది. టెన్నిసులో సర్వీసు చేసిన బంతి వలకు తగిలి అవతల సరైన చోట పడితే ‘లెట్’ అని మళ్లీ వేయిస్తారే, ఆ మాట కూడా ఇదే.

మార్కుల సంగతి మీరు అడగలేదు గాని నా అభిప్రాయం చెబుతాను. ఆ జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వనక్కరలేదు, సున్నా కూడా వేయవద్దు. అతడు నిఘంటువు చూశాడు, చూసినదానిని నమ్మాడు, నమ్మినదాని పక్షాన అధ్యాపకురాలితో వాదించాడు. అతడు చేయనిది ఒక్కటే: తెచ్చుకున్న అర్థాన్ని వాక్యంలో పెట్టి, ముందు పంక్తితో కలిపి చదివి చూసుకోలేదు. ఆ అలవాటు నేర్పితే చాలు.

ఇక మీ మొదటి ప్రశ్న. పాత రచనలలో మనల్ని మోసగించేవి తెలియని మాటలు కావు. ‘ఫార్డెల్స్’ అనో ‘బాడ్‌కిన్’ అనో కనిపిస్తే ఎవరైనా ఆగి నిఘంటువు చూస్తారు, పాఠ్యపుస్తకం కూడా అడుగున టిప్పణి ఇస్తుంది. చిక్కంతా ఆరో తరగతి నుంచి మనకు తెలిసిన మాటలతోనే: లెట్, డౌట్, వాంట్, మీట్, శాడ్, స్టిల్, ప్రెజెంట్లీ. వీటి దగ్గర ఎవరూ ఆగరు. ఆగకపోయినా వాక్యం ఏదో ఒక అర్థాన్ని ఇచ్చేస్తుంది, అది తప్పుడు అర్థమని చెప్పడానికి ఒక చిన్న గరుకుదనం మాత్రమే మిగులుతుంది. ఆ గరుకుదనం తగిలినప్పుడు ‘ఆ కాలపువాళ్లు ఇలాగే వింతగా రాసేవారులే’ అని దాటిపోవడమే మనం చేసే పొరపాటు. వింతగా తోచిన ప్రతి చోటా ముందుగా అనుమానించవలసింది ఆ వాక్యంలో మనకు అన్నింటికన్నా బాగా తెలిసిన మాటను.

‘డౌట్’ను తీసుకోండి. తన తండ్రి ప్రేతం కవచం ధరించి కనిపించిందని విన్నాక హామ్లెట్ ‘ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే’ అంటాడు. నేటి ఇంగ్లీషు ప్రకారం చదివితే, కుట్ర జరిగిందంటే నేను నమ్మను అని అర్థం వస్తుంది. అతడి ఉద్దేశం దానికి సరిగ్గా వ్యతిరేకం: ఏదో కుట్ర జరిగిందని నాకు అనుమానంగా ఉంది. విశేషమేమిటంటే ఈ పంక్తి లండన్ విద్యార్థికన్నా మన విద్యార్థికే సులభంగా అర్థమవుతుంది. ‘వాడే తీశాడని నా డౌటు’ అని మనం అంటాం. తీయలేదని కాదు, తీశాడనే మన అనుమానం. తెలుగులో ‘అనుమానం’ రెండు వైపులా పనిచేస్తుంది గనుక, మనం అరువు తెచ్చుకున్న ‘డౌటు’కూ ఆ రెండు పనులూ అప్పగించాం. స్కాట్లాండులోనూ ఈ వాడుక నిలిచి ఉంది. అదే నాటకంలో హామ్లెట్ ఒఫీలియాకు రాసిన ప్రేమపద్యంలో ఈ మాట నాలుగుసార్లు వస్తుంది. నక్షత్రాలు నిప్పులేనా అని సందేహించు, సూర్యుడు కదులుతున్నాడా అని సందేహించు, సత్యమే అబద్ధాలకోరేమోనని శంకించు, నా ప్రేమను మాత్రం సందేహించకు అని దాని భావం. మూడవ చోట సందేహం కాస్తా శంకగా మారిందని గమనించకపోతే ఆ పంక్తి తలకిందులవుతుంది. ఒకే పద్యంలో ఒకే మాట రెండు అర్థాలతో నడవడం మన శ్లేష, యమకాలు చదివినవారికి కొత్త కాదు, కాబట్టి దీనిని ధైర్యంగా తరగతిలో పెట్టవచ్చు.

పక్కమాట సాయం చేసే సందర్భాలు చాలా ఉన్నాయి. ‘కింగ్ లియర్’లో ముసలిరాజు తనను తాను ‘ఎ వెరీ ఫూలిష్ ఫాండ్ ఓల్డ్ మ్యాన్’ అంటాడు. ‘ఫాండ్’ అంటే ప్రేమగల అని మనకు తెలుసు గాని, అప్పట్లో దానికి మొదటి అర్థం తెలివితక్కువ అనే. ‘ఫూలిష్’ దాని చేయి పట్టుకునే ఉంది. ఇంగ్లీషువారికి, ముఖ్యంగా వారి న్యాయవాదులకు, ఒకే అర్థం గల మాటలను జతలుగా వాడే అలవాటు పాతది. పాస్‌పోర్టులోని జత కూడా అలాంటిదే. జతలో ఒకటి తెలిస్తే రెండవది తెలిసినట్లే.

కొన్నిసార్లు తరువాతి పంక్తి చూడాలి. జూలియెట్ ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అన్నప్పుడు రోమియో ఎక్కడున్నాడని వెతుకుతున్నట్లు బాల్కనీ మీద నుంచి చేతులు చాచి నటించే దృశ్యం కళాశాల వార్షికోత్సవాలలో ఎన్నోసార్లు కనిపిస్తుంది. ‘వేర్‌ఫోర్’ అంటే ఎక్కడ అని కాదు, ఎందుకు అని. నువ్వు రోమియోవే ఎందుకు కావాలి అని ఆమె బాధ. వెంటనే ‘నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో’ అంటుంది గదా. ఎక్కడున్నావని అడిగే ప్రశ్నకు ఆ కొనసాగింపు అతకదు.

బైబిలు పాఠాలు చెప్పవలసి వచ్చినా, పందొమ్మిదో శతాబ్దపు నవలలలో బైబిలు మాటలు తగిలినా, తెలుగు అధ్యాపకులకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. అది పాత తెలుగు బైబిలు. ఆ తెలుగు అనువాదకులకు 1611 నాటి ఇంగ్లీషు మాటల మీద మమకారం లేదు, వారు భావాన్ని పట్టుకున్నారు. అందువల్ల ఇంగ్లీషులో పాతబడి దారితప్పించే చాలా చోట్ల తెలుగు దారి చూపిస్తుంది. ఇరవైమూడవ కీర్తనలో ‘ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్, ఐ షల్ నాట్ వాంట్’ అని ఉంటే, ప్రభువు నా కాపరి, నాకు ఆయన అక్కరలేదు అని అర్థం చెప్పుకున్న పిల్లలు ఉన్నారు. మన బైబిలు ‘నాకు లేమి కలుగదు’ అంటుంది. ‘వాంట్’ అంటే అప్పటికి కోరుకోవడం కాదు, కొరవడడం. లేనిదానినే కోరుకుంటాం గనుక ఆ అర్థం నుంచి ఈ అర్థం పుట్టింది. ‘సఫర్ ద లిటిల్ చిల్డ్రెన్’ అన్నచోట పిల్లలను బాధించమని కాదు, ‘చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి’ అని. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మొక్కలను, పండ్లను మనుషులకు ‘మీట్’గా ఇచ్చానంటాడు, ఆ కాలంలో ‘మీట్’ అంటే ఏ ఆహారమైనా సరే, మాంసానికి అది పరిమితమైంది తరువాతే. మిఠాయికి ఇంగ్లీషులో ‘స్వీట్‌మీట్’ అనే మాట ఆ పాత అర్థానికి ఆనవాలు. పేతురు మొదటి పత్రికలో ‘కాన్వర్జేషన్’లో పరిశుద్ధులై ఉండమంటే సంభాషణలో అని కాదు, ‘సమస్త ప్రవర్తనయందు’ అని. పరుని భార్యతో అక్రమ సంబంధం పెట్టుకున్నవాడి మీద భర్త నష్టపరిహారానికి వేసే దావాను ఇంగ్లండులో ‘క్రిమినల్ కాన్వర్జేషన్’ అనేవారు, 1857లో దానిని రద్దు చేశారు. అది మాటలాడిన నేరం కాదని వేరే చెప్పనక్కరలేదు.

అన్నింటికన్నా తరగతిని నవ్వించే ఉదాహరణ మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. హేరోదియ కుమార్తె రాజును బాప్తిస్మమిచ్చు యోహాను తలను ‘బై అండ్ బై ఇన్ ఎ చార్జర్’ ఇమ్మని అడుగుతుంది. నేటి చెవికి ఇది ‘మెల్లమెల్లగా, ఒక చార్జరులో’ అని వినిపిస్తుంది. తెలుగు బైబిలు పళ్లెములో అంటుంది, ఇప్పుడే అంటుంది. ‘చార్జర్’ అంటే పెద్ద పళ్లెం, ‘బై అండ్ బై’ అంటే తక్షణమే. రెండవదానిని మాత్రం నవ్వి వదిలేయకండి, దానిలో ఒక నియమం కనిపిస్తుంది. ‘ప్రెజెంట్లీ’, ‘అనాన్’, ‘సూన్’ కూడా ఒకప్పుడు తక్షణమే అనే అర్థంలోనే ఉండేవి. అత్తి చెట్టు ‘ప్రెజెంట్లీ’ ఎండిపోయిందని మత్తయి సువార్తలో ఉంటే, కాసేపటికి అని కాదు, ఆ క్షణంలోనే అని. వెంటనే చేస్తానని చెప్పి ఆలస్యం చేసే మానవ స్వభావం ఈ మాటలన్నింటినీ ఒకదాని తరువాత ఒకటిగా సడలించింది. మనవాళ్లు ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అనడంలోని కాలపరిమాణం తెలిసినవారికి దీనిని వివరించనక్కరలేదు.

‘దౌ’ విషయంలోనూ మన విద్యార్థులు ఇంగ్లీషు విద్యార్థులకన్నా ముందున్నారు, అయితే ముందుగా ఒక దురభిప్రాయం తొలగించాలి. బైబిలులో దేవుణ్ని ‘దౌ’ అంటారు గనుక అది గౌరవవాచకమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ‘నువ్వు’, ‘యూ’ అనేది ‘మీరు’. మనం కూడా దేవుణ్ని ‘నీవే దిక్కు’ అంటాం గాని ‘మీరే దిక్కు’ అనం గదా. హామ్లెట్ మూడవ అంకంలో తల్లి కొడుకుతో ‘హామ్లెట్, దౌ హాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్’ అంటే, కొడుకు ‘మదర్, యూ హావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్’ అని బదులిస్తాడు. తల్లి చనువుతో ‘నువ్వు’ అంది; మారుటి తండ్రిని ఆమె ‘నీ తండ్రి’ అంది. కొడుకు ‘మీరు’ అని ఆమెను దూరంగా నిలబెట్టి, చనిపోయినవాణ్ని ‘నా తండ్రి’ అన్నాడు. కోపం వచ్చిన భార్యాభర్తలు ఉన్నట్టుండి ‘మీరు’ల్లోకి వెళ్లడం మన ఇళ్లలో తెలియనిది కాదు. ఈ రెండు పంక్తులను తెలుగులో చెప్పించి చూడండి. నేటి ఇంగ్లీషులోకి మారిస్తే సగం పోయే బరువు తెలుగులో చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

షేక్‌స్పియర్ దగ్గర జాగ్రత్తపడేవారు కూడా జేన్ ఆస్టెన్ దగ్గర ఏమరుపాటుగా ఉంటారు. ఆమె ఇంగ్లీషు దాదాపు మన ఇంగ్లీషులాగే కనిపించడం అందుకు కారణం. 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్ తన అక్క జేన్‌ను ‘క్యాండిడ్’ అని మెచ్చుకుంటుంది. నేడు ఆ మాటకు ఉన్నదున్నట్లు ముఖం మీద చెప్పేసే అని అర్థం. జేన్ అలాంటిది కానేకాదు, ఎవరినీ ఒక్క మాట అనదు. అయితే ఆ వాక్యంలోనే రచయిత్రి అర్థం చెప్పేసింది: ప్రతివారి స్వభావంలోని మంచినే గ్రహించి, దానిని మరింత మంచిగా చూపి, చెడును గురించి ఏమీ అనకపోవడం. ఆ రోజుల్లో ‘క్యాండర్’ అంటే ఇతరుల పట్ల ఉదారంగా తీర్పు చెప్పే గుణం. కాలిన్స్ అనే మతాచార్యుడు లేడీ కేథరీన్ చూపే ‘కాండిసెన్షన్’ను వేనోళ్ల పొగిడినప్పుడు కూడా, నేడు ఆ మాట ఎదుటివారిని చిన్నచూపు చూడడమనే అర్థమిచ్చినా, అతడి దృష్టిలో అది పెద్దవారు చిన్నవారితో కలుపుగోలుగా ఉండే సద్గుణమే. ఆ పొగడ్తను మనం నవ్వుకుంటూ చదువుతున్నామంటే ఆ నవ్వు రచయిత్రి ఉద్దేశించిందే గాని, మాట అర్థం మారినందువల్ల పుట్టింది కాదు. ఈ రెంటినీ వేరుచేసి చెప్పడం కష్టమైన పనే, అయినా చెప్పాలి.

అదే నవలలో బెన్నెట్ గారు తన చిన్న అల్లుడు ‘మేక్స్ లవ్ టు అస్ ఆల్’ అంటాడు. తరగతిలో వెనుక బెంచీలు గొల్లుమంటాయి, మీరు సిద్ధంగా ఉండాలి. అప్పటికి దాని అర్థం తియ్యగా మాట్లాడి మనసు దోచుకోజూడడం మాత్రమే. ‘ఇంటర్‌కోర్స్’ అనే మాటతోనూ ఇదే ఇబ్బంది. దాని పాత అర్థం రాకపోకలు, పరస్పర వ్యవహారం. దీనికి కూడా ఇంగ్లండు దాకా వెళ్లనక్కరలేదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా ‘ట్రేడ్, కామర్స్ అండ్ ఇంటర్‌కోర్స్’ స్వేచ్ఛగా సాగాలని అంటుంది. ఆ అధికరణాన్ని బోర్డు మీద రాస్తే నవ్వు దానంతట అదే ఆగిపోతుంది.

ఇప్పుడు మీ సహోద్యోగి వాదన. ‘నైస్’ మీద ఆయనకున్న అభ్యంతరం కొత్తది కాదు. ఆస్టెన్ మరణానంతరం 1817 చివర వెలువడిన ‘నార్త్‌యాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ అనే యువకుడు కథానాయిక కేథరీన్‌ను ఈ మాట మీదనే ఆటపట్టిస్తాడు. అన్నింటికీ సరిపోయే మాట అది అని వెక్కిరించి, మొదట్లో బహుశా శుభ్రత, ఔచిత్యం, సున్నితత్వం వంటివాటికే దానిని వాడి ఉంటారని అంటాడు. గమనించవలసింది ఏమిటంటే, ఆ పండితుడు చేరిన ‘మొదలు’ కూడా మొదలు కాదు. 1300 ప్రాంతంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘నైస్’ అంటే మూర్ఖుడు. లాటిన్‌లో దాని మూలరూపం ‘నెస్కియుస్’, తెలియనివాడు అని అర్థం. మూర్ఖత్వం నుంచి అతిసున్నితానికి, అక్కడి నుంచి నిశితత్వానికి, ఆ తరువాత మనసుకు నచ్చడానికి అది ప్రయాణించింది. మొదటి అర్థమే అసలు అర్థమైతే మీ సహోద్యోగి ఎవరినైనా ‘నైస్’ అన్నప్పుడు తిట్టినట్లు లెక్క. ‘సిల్లీ’ దీనికి ఎదురుదారిలో నడిచింది: ధన్యుడు అనే అర్థంతో మొదలై, అమాయకుడై, జాలిపడదగినవాడై, చివరికి తెలివితక్కువవాడయ్యాడు. మొదటి అర్థాన్ని పట్టుకుని ఎవరినైనా ‘సిల్లీ’ అని పొగడడానికి ఆయన సిద్ధపడతారని నేననుకోను.

ఆయన తెలుగువారే గనుక తెలుగులోనే అడగండి. ప్రాచీన కవులకు ‘కంపు’ అంటే సువాసన. కన్నడంలో నేటికీ అదే అర్థం. ‘చీర’ అంటే ఒకప్పుడు ఏ వస్త్రమైనా సరే, కట్టుకున్నది మగవాడైనా సరే. మల్లెపూల కంపు అని ఎవరింట్లోనైనా అని చూడమనండి, అసలైన అర్థం ఏదో ఆ ఇంటివారే చెబుతారు. మన భాషాశాస్త్ర గ్రంథాలు మొదటిదాన్ని అర్థాపకర్ష అని, రెండవదాన్ని అర్థసంకోచం అని పేరుపెట్టి వివరిస్తాయే గాని తప్పులుగా లెక్కించవు. ‘మృగం’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో ఆ మాట జంతువు అనే సామాన్యార్థం నుంచి జింక అనే విశేషార్థానికి వచ్చింది. ఇంగ్లీషులో ‘డీర్’ కూడా సరిగ్గా అదే దారిలో నడిచింది. అందుకే లియర్ నాటకంలో ఎలుకలను, పందికొక్కులను కలిపి ‘సచ్ స్మాల్ డీర్’ అంటే చిన్న జింకలని కాదు, అలాంటి చిన్న జంతువులని. ఒక భాష ప్రభావం మరొకదాని మీద లేకుండానే ఈ పోలిక కుదిరింది. మనవాడు మాత్రం తెలుగులోకి వచ్చాక మళ్లీ అడవిజంతువై కూర్చున్నాడు.

కాబట్టి సహోద్యోగికి మీ జవాబు ఇలా ఉండవచ్చు: ఒక మాటకు ఒక వాక్యంలో ఉన్న అర్థం, ఆ వాక్యం రాసిన రోజున రాసినవారూ చదివినవారూ ఇచ్చుకున్న అర్థమే. హామ్లెట్‌లో ‘లెట్’కు ఆటంకమని చెప్పడం ఎంత సరైనదో, రేపు మీరు రాసే సెలవుచీటీలో దానిని ఆ అర్థంలో వాడకపోవడం అంతే సరైనది.

ఈ రంగంలో కట్టుకథలు కూడా చాలా ఉన్నాయి. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టాక ఒక రాజు దానిని చూసి ‘ఆఫుల్, ఆర్టిఫిషియల్, అమ్యూజింగ్’ అని మెచ్చుకున్నాడని చెప్పే కథ మీరు వినే ఉంటారు. ‘ఆఫుల్’ అంటే సంభ్రమం గొలిపేదని, ‘ఆర్టిఫిషియల్’ అంటే నైపుణ్యంతో చేసినదని పాత అర్థాలు ఉన్నమాట నిజమే. కాని ఆ రాజు ఒకరు చెబితే రెండవ చార్లెస్, మరొకరు చెబితే రెండవ జేమ్స్, ఇంకొకరి నోట ఆన్ రాణి. మాటల అర్థాలు చెప్పండి, కథను మాత్రం చరిత్రగా చెప్పవద్దు.

నిఘంటువుల విషయంలో ముందు తెలుసుకోవలసింది వాటి అర్థాల వరుస. విద్యార్థుల కోసం ఆక్స్‌ఫర్డ్‌వారు వేసే హార్న్‌బీ నిఘంటువు వంటివి నేటి వాడుకకు ప్రాధాన్యమిస్తాయి. షేక్‌స్పియర్‌కు అవి పనికిరావు, అందుకోసం వాటిని తయారుచేయలేదు. మెరియమ్-వెబ్‌స్టర్ కాలేజియేట్ నిఘంటువు అర్థాలను చారిత్రక క్రమంలో ఇస్తుంది, అంటే మొదట కనిపించేది పాత అర్థం. ఈ తేడా తెలియక, ఏ నిఘంటువు తెరిచినా ‘ఒకటి’ అని అంకె వేసినదే ముఖ్యార్థమనుకునే విద్యార్థులు చాలామంది. ఆ నిఘంటువులో ‘ఆబ్సలీట్’ అని గుర్తు ఉంటే ఆ అర్థంలో 1755 తరువాత వాడినట్లు ఆధారం లేదని, ‘ఆర్కేయిక్’ అని ఉంటే అరుదుగానో ప్రత్యేక సందర్భాలలోనో ఇంకా కనిపిస్తుందని గ్రహించాలి. ‘లెట్’ అక్కడ రెండు వేర్వేరు పదాలుగా ఉంటుంది. మీ విద్యార్థి అనుమతించడమనే అర్థమున్న పదం దగ్గరే ఆగిపోయి ఉంటాడు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులను ఈ పనికి వాడవద్దు. వాటిలో అర్థాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఏది ఏ కాలపుదో తేల్చే ఆధారం ఉండదు.

తుది తీర్పు కోసం పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూడాలి. జేమ్స్ మర్రే సంపాదకత్వంలో 1884లో మొదటి భాగం వెలువడి, ఆయన మరణానంతరం 1928లో పూర్తయిన ఆ గ్రంథం ప్రతి అర్థానికీ తేదీలతో ఉదాహరణ వాక్యాలు ఇస్తుంది. అచ్చు ప్రతిలో వాడుక తప్పిన అర్థాల ముందు చిన్న బాకు గుర్తు ఉంటుంది. ఉదాహరణల తేదీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో చూస్తే, మీరు చదువుతున్న రచన నాటికి ఆ అర్థం బతికి ఉందో లేదో తెలిసిపోతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో దాని సంపుటాలు దొరికే అవకాశముంది, చందా కడితే అంతర్జాలంలోనూ చదవవచ్చు.

చందా లేకుండా దొరికేవాటిలో షేక్‌స్పియర్ కోసం అలెగ్జాండర్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు 1870లలో కూర్చిన పదకోశాన్ని నేను ముందుగా చెబుతాను. ప్రతి మాటా ఏ నాటకంలో, ఏ దృశ్యంలో, ఏ అర్థంలో వచ్చిందో అందులో ఉంటుంది గనుక, కవి తనకు తానే సాక్ష్యం చెప్పినట్లవుతుంది. ఆస్టెన్‌కూ ఆమె ముందు తరానికీ శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు సరిపోతుంది, అదీ అంతర్జాలంలో ఉచితమే. దానిలో ‘ఎంథూజియాజమ్’ చూడండి: దేవుడు తనతోనే ప్రత్యేకంగా మాట్లాడాడనుకునే వ్యర్థ విశ్వాసమని జాన్సన్ మొదటి అర్థంగా రాశాడు. పద్దెనిమిదో శతాబ్దపు మతాచార్యుడి సమాధి మీద, జీవితమంతా ‘ఎంథూజియాజమ్’ లేకుండా బోధించాడని మెచ్చుకోలుగా రాసి ఉంటే ఇక ఆశ్చర్యపోనక్కరలేదు.